బాయిలు (బొగ్గు గనులు) మూతపడుతుంటే మైనింగ్ సీటు తీసుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మైనింగ్ ఇంజనీరింగ్ చదువు గురించే. నేను కొత్తగూడెంలో చదువుకుని, 1986లో ట్రైనీగా గనిలో దిగి, ముప్పై నాలుగేళ్ల తర్వాత మేనేజర్‌గా బయటికొచ్చినవాణ్ని. ఇప్పుడు పిలిచిన కాలేజీలకు వెళ్లి పాఠాలు చెబుతున్నాను. తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను బాయిలో పైకప్పుకు ఊతాలు పెట్టే సపోర్ట్‌మన్‌గా ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న. మా బాబుకు ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుకు మైనింగ్ సీటు వస్తదంటున్నరు. మా బావమరిది మాత్రం ‘ఉన్న బాయిలే మూస్తున్నరు, ఇంకా మైనింగ్ ఏంది, హైదరాబాద్‌ల ప్రైవేట్ కాలేజీల కంప్యూటర్స్ చేర్పించు’ అంటున్నడు. వారం నుంచి ఇంట్లో ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, మందమర్రి

జవాబు: మీరు బాయి లోపలే ఉన్నారు కాబట్టి మార్పు నాకంటే మీకే బాగా కనబడుతుంది. అయినా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఏడాదికి తీసిన బొగ్గు దాదాపు 1.8 కోట్ల టన్నులు. ఇప్పుడు ఉన్నవాళ్లు సుమారు 40 వేల మంది, 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. మనుషులు సగానికంటే తగ్గారు, బొగ్గు దాదాపు నాలుగింతలైంది. పది టన్నుల్లో తొమ్మిది దాకా ఓపెన్‌కాస్ట్ నుంచే, అంటే పైనుంచి గుంతలా తవ్వే గనుల నుంచే వస్తోంది. మీ బావమరిది చూస్తున్నది మూతపడుతున్న భూగర్భ గనుల్ని. అది నిజమే. మీ బాబుకు మీ మస్టర్ లాంటి మస్టర్, అంటే బాయి కార్మికుడి కొలువు, దొరకదన్నదీ నిజమే.

ఇక బొగ్గు ఎంతకాలం? దేశం మొత్తం మీద 2024-25లో వంద కోట్ల టన్నులు దాటింది కాబట్టి రేపో ఎల్లుండో ఆగిపోయేది కాదు. కానీ కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడానికి మన దేశం పెట్టుకున్న గడువు 2070. ఇప్పుడు పద్దెనిమిదేళ్లున్న మీ బాబు అరవై ఏళ్లకు రిటైరయ్యేది 2068 ప్రాంతంలో. బొగ్గు ఒక్కదాన్నే నమ్ముకుని ఉద్యోగం మొత్తం వెళ్లదీస్తాడని నేను మీకు మాట ఇవ్వలేను. అలా ఎవరైనా ఇస్తే నమ్మకండి.

అయితే మైనింగ్ డిగ్రీ బొగ్గుకు మాత్రమే ఇచ్చే డిగ్రీ కాదు. మన దగ్గర సింగరేణి ఉంది కాబట్టి ఆ రెండూ ఒకటే అనుకుంటూ పెరిగాం. రాజస్థాన్‌లో రాంపురా అగూచా జింకు గని ఒకప్పుడు పెద్ద ఓపెన్‌కాస్ట్. 2018లో ఆ పని ఆపేసి పూర్తిగా భూగర్భంలోకి వెళ్లారు. మధ్యప్రదేశ్‌లో మలాజ్‌ఖండ్ రాగి గనిదీ అదే దారి, పైనుంచి కిందికి. కడప జిల్లా తుమ్మలపల్లిలో యురేనియం తీసేది భూగర్భంలోనే. బొగ్గులో భూగర్భం తగ్గుతుంటే లోహాల్లో భూగర్భం పెరుగుతోంది. ఈ సంగతి మన బొగ్గు బెల్టులో పెద్దగా ఎవరూ చెప్పరు. కరెంటు కార్లకు, సోలార్ ప్లాంట్లకు రాగి కావాలి. 2023లో కేంద్రం 30 ఖనిజాలను కీలకమైనవని ప్రకటించింది. వాటిలో రాగి, లిథియం, నికెల్, అరుదైన మూలకాలు ఉన్నాయి. వాటిని తవ్వాల్సింది కూడా మైనింగ్ చదివినవాళ్లే.

కాబట్టి నేను అడిగేది మీ బాబునే. రాజస్థాన్‌లోనో ఒడిశాలోనో టౌనుకు దూరంగా క్వార్టర్స్‌లో ఉండగలడా? రాత్రి షిఫ్టు చేయగలడా? సింగరేణికి కూడా ఇప్పుడు ఒడిశాలో నైనీ బొగ్గు బ్లాక్ ఉంది, ఇక్కడ ఉద్యోగం వచ్చినా అక్కడికి పంపొచ్చు. కళ్ల పరీక్ష, ఆరోగ్య పరీక్ష ముందే చేయించండి. నాలుగేళ్లు చదివాక చూపు దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను, తల్లిదండ్రుల బాధ చూడలేం. ఇవన్నీ సరిపోయి, వాడికి ఇష్టం ఉంటే చేర్పించండి. వాడి మనసు కంప్యూటర్ మీదే ఉంటే, బాయి కొడుకు బాయికే పోవాలన్న నియమం లేదు.

ఒక మాట మాత్రం చెప్పాలి. పదేళ్ల కింద మైనింగ్‌కు గిరాకీ ఉందని చాలా ప్రైవేట్ కాలేజీలు ఈ బ్రాంచ్ తెరిచాయి. గని ముఖం చూడకుండా పట్టా పుచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు. సీటు తీసుకునేముందు ఆ కాలేజీకి వెళ్లి, మీ పిల్లల్ని ఏ గనికి, ఎన్ని రోజులు పంపుతారు అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

ప్రశ్న: నేను ఇంటర్ పూర్తి చేశాను. మైనింగ్ చదవాలని ఉంది. అమ్మాయిల్ని లోపలికి పంపరు, ఆఫీసులో కూర్చోబెడతారు అని అందరూ అంటున్నారు. నిజమేనా సార్?
— ఒక విద్యార్థిని, భూపాలపల్లి

జవాబు: ఒకప్పుడు నిజమేనమ్మా. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయడాన్ని నిషేధించింది. మా బ్యాచ్‌లో ఒక్క అమ్మాయి లేదు. అప్పుడు అది మాకు వింతగా అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనుల్లో ఆడవాళ్లు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు భూగర్భంలోకి దిగొచ్చు. లిఖితపూర్వకంగా సమ్మతి ఉండాలి, ముగ్గురికి తక్కువ కాకుండా డ్యూటీ వేయాలి. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు సమ్మతి ఉంటే రాత్రి పనికి కూడా దారి తెరిచాయి.

కాగితం మీద తలుపు తెరుచుకుంది. నువ్వు అడగాల్సింది ఇక అనుభవం గురించి. అన్ని గనులకూ పనికొచ్చే మేనేజర్ సర్టిఫికెట్ (గని నడిపే అర్హత) పరీక్ష రాయాలంటే భూగర్భంలో పనిచేసిన రోజులు లెక్కలో ఉండాలి. ఆఫీసులో కూర్చోబెడితే ఆ రోజులు రావు. చేరిన మొదటి నెలలోనే ‘నన్ను ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) మీదికి పంపండి’ అని రాతపూర్వకంగా అడుగు. మర్యాదగా అడుగు, కానీ కాగితం మీద అడుగు. ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. బట్టలు మార్చుకోవడానికి గది, లోపల టాయిలెట్ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకు. అవి లేని గనిలో మగవాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు, నోరు విప్పి అడగలేదంతే.

ప్రశ్న: నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మైనింగ్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. సిలబస్ మార్చాలని కమిటీ వేశారు. డేటా సైన్స్, కృత్రిమ మేధ, డ్రోన్లు పెట్టాలని కొందరు, అవి పెడితే వెంటిలేషన్, సర్వేయింగ్ గంటలు తగ్గించాలని ఇంకొందరు. పరిశ్రమ వాళ్లు వచ్చి ‘మీ పిల్లలకు ప్రాక్టికల్ తెలియదు’ అని వెళ్లిపోతారు. పిల్లలు రెండు వారాల ట్రైనింగ్‌లో ఓపెన్‌కాస్ట్ వ్యూ పాయింట్ దగ్గర ఫొటోలు దిగి వస్తున్నారు. మీరైతే ఏం చేస్తారు?
— ఒక అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరం చదివాక నిద్రపట్టలేదు మాస్టారూ. దీని గురించి చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నాను, కొంచెం విస్తారంగా రాస్తాను.

1987 వానాకాలం. ఏటవాలు దారిలో లోపలికి దిగే ఒక ఇంక్లైన్ గనిలో నేను ట్రైనీని. మొదటి షిఫ్టు. నాలుగు దారులు కలిసే జంక్షన్ కింద నిలబడి డైరీలో ఏదో రాసుకుంటున్నాను. ఒక పెద్దాయన, పైకప్పుకు కర్రల ఊతాలు పెట్టే టింబర్‌మన్, నా చేయి పట్టి పక్కకు లాగాడు. ‘సారూ, జర ఇటు రండి’ అని తన చేతిలో గడ్డపారతో పై బండను తట్టాడు. గట్టి బండ ఖణేల్మని మోగుతుంది. పొర విడిపోయిన బండ తడిసిన డప్పులా మొద్దుగా పలుకుతుంది. ఆ చోట మొద్దుగా పలికింది. ‘చెవి పెట్టి వినుండ్రి’ అని మళ్లీ తట్టాడు. ఆ జంక్షన్‌కు ఫెన్సింగ్ కట్టించి మనుషుల్ని ఆపాం. రెండో షిఫ్టులో బండ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను డిగ్రీలో రాక్ మెకానిక్స్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ఆ రోజు నా ప్రాణం కాపాడింది బడి ముఖం చూడని మనిషి చెవి.

ఇప్పుడు ఆ చెవికి తోడు టెల్-టేల్ ఉంది. పైకప్పులో రంధ్రం చేసి బిగించిన పరికరం బండ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీల్లో చూపిస్తుంది. ఓపెన్‌కాస్ట్‌లో స్లోప్ రాడార్ గుంత గోడ కదలికను రాత్రింబవళ్లు కొలుస్తుంది. నేను వీటికి వ్యతిరేకం కాదు. నా కాలంలో ఉంటే ఎంతమంది ఇళ్లలో దీపాలు ఆరకుండా ఉండేవో అనుకుంటాను. కానీ రాడార్ తెరమీద ఒక మూల ఎర్రబడినప్పుడు డంపర్ లారీలను, తవ్వే షవెల్ యంత్రాన్ని బయటికి రప్పించాలా వద్దా అనేది ఎవరో ఒకరు నిర్ణయించాలి. నిన్న రాత్రి వానకు ఆ బెంచ్‌లోకి (గుంత గోడకు కోసిన మెట్టులోకి) నీళ్లు ఎటు నుంచి దిగాయో, రాతిలో చీలికలు ఏ వైపు వాలి ఉన్నాయో తెలిసినవాడే ఆ నిర్ణయం తీసుకోగలడు. ఆ మనిషిని తయారుచేయడమే మీ కాలేజీ పని.

అందుకని వెంటిలేషన్ గంటలు తగ్గించి పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్) పెట్టొద్దు. వెంటిలేషన్‌లోనే పైథాన్ పెట్టండి. గాలి తిరిగివచ్చే దారిలో మీథేన్ 0.75 శాతం, గనిలో ఏ చోటైనా 1.25 శాతం మించకూడదని నిబంధన. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఒక మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. ఈ అంకెలు బట్టీ పట్టించి వదిలేస్తున్నారు. గనిలో ఒక ప్యానెల్‌ (తవ్వే భాగం) నుంచి నెలరోజుల సెన్సర్ రీడింగులు ఇచ్చి, వాయుపీడనం తగ్గిన రోజున మీథేన్ ఎందుకు పెరిగిందో పిల్లల చేతే కనిపెట్టించండి. అప్పుడు వాడికి డేటా సైన్సూ వస్తుంది, గాలీ అర్థమవుతుంది. సర్వేయింగ్ కూడా అంతే, డ్రోన్ ఎగరేయడం రెండు రోజుల పని. ఆ డ్రోన్ తెచ్చిన పాయింట్లలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి కోణాలు కొలిచే థియోడొలైట్‌తో చెమటోడ్చినవాడి కన్ను కావాలి.

నా దగ్గర ట్రైనీగా చేసిన ఒకబ్బాయి ఇప్పుడు ఆస్ట్రేలియాలో పెర్త్‌లో ఉన్నాడు. అక్కడ రియో టింటో కంపెనీ పిల్బరా ఇనుప గనుల్ని దాదాపు 1,500 కిలోమీటర్ల దూరం నుంచి పెర్త్‌లో కూర్చుని నడుపుతుంది, అక్కడి గనుల్లో చాలా ట్రక్కులకు డ్రైవర్లు లేరు. ఈ అబ్బాయి వేరే కంపెనీలో అలాంటి పనే చేస్తాడు. ‘తెరల ముందు కూర్చోవడానికి మైనింగ్ ఎందుకురా’ అని అడిగాను. ‘సార్, తెర మీద కనబడని దాన్ని ఊహించడానికే నన్ను పెట్టుకున్నారు. డంపర్ రోడ్డు మీద రెండేళ్లు నడిచాను కాబట్టి ఊహించగలుగుతున్నా’ అన్నాడు.

ఇక ప్రాక్టికల్. రెండు వారాల ట్రైనింగ్ అంటే గనికి అతిథిగా వెళ్లిరావడమే. ఒక సెమిస్టర్ మొత్తం, ఆరు నెలలు, పిల్లల్ని గనిలో వదలండి. ఒక్కొక్కణ్ని షిఫ్టు పని చూసే ఒక్కో ఓవర్‌మన్ వెంట పంపండి. అందులో కనీసం మూడు నెలలు భూగర్భంలో ఉండాలి. మేనేజర్ సర్టిఫికెట్లో రెండు రకాలున్నాయని మీకు తెలుసు, ఓపెన్‌కాస్ట్‌కు మాత్రమే పనికొచ్చే రిస్ట్రిక్టెడ్, అన్నిటికీ పనికొచ్చే అన్‌రిస్ట్రిక్టెడ్. మన దగ్గర భూగర్భ గనులు తగ్గేకొద్దీ పిల్లలు రిస్ట్రిక్టెడ్ వైపే పోతున్నారు. అవతల రాగి, జింకు గనులు రోజురోజుకూ లోతుకు దిగుతున్నాయి. ఇంకో పదేళ్లకు భూగర్భం తెలిసిన తెలుగు ఇంజనీర్లు కరువవుతారేమోనని నా భయం. మీ కమిటీలో ఇంకేం రాసినా రాయకపోయినా ఈ ఒక్క మాట రాయించండి.

బ్రిటన్‌లో కార్న్‌వాల్ సంగతి తెలిసే ఉంటుంది. అక్కడి సౌత్ క్రాఫ్టీ తగరం గని 1998లో మూతపడింది. కేంబోర్న్ స్కూల్ ఆఫ్ మైన్స్ అంటే ప్రపంచమంతా పేరు. 2020 ప్రాంతంలో అది మైనింగ్ డిగ్రీలో కొత్త పిల్లల్ని తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు అదే కార్న్‌వాల్‌లో లిథియం కోసం వెతుకుతున్నారు, సౌత్ క్రాఫ్టీలో నిండిన నీళ్లు తోడుతున్నారు. చదువు ఆపడం ఒక్క సంతకంతో అయిపోతుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే పాఠం చెప్పేవాళ్లు దొరకాలి.

పాఠం చెప్పేవాళ్లు అంటే ఇంకో సంగతి. మీలాంటి యువ అధ్యాపకుల్లో చాలామంది ఎంటెక్, పీహెచ్‌డీ చేసి నేరుగా క్లాసులోకి వచ్చారు. అది మీ తప్పు కాదు. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే పద్ధతి తెచ్చింది. పీహెచ్‌డీ లేకపోయినా అనుభవమున్నవాళ్లను తీసుకోవచ్చు. గోదావరిఖనిలో, కొత్తగూడెంలో ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్న రిటైర్డ్ మేనేజర్లు పొద్దున్నే పార్కులో వాకింగ్ చేస్తూ కనబడతారు. పిలవండి. వాళ్లలో చాలామంది జీతం కూడా అడగరు, కారు పంపితే చాలు. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. భూగర్భ శాస్త్రం, నీరు, పర్యావరణం చదివే పిల్లలు మైనింగ్ పిల్లలతో ఒకే క్యాంపస్‌లో ఉండే అవకాశం వచ్చింది. వాళ్లందరినీ కలిపి ఒకే గని మీద ఒకే ప్రాజెక్టు చేయిస్తే, మీ కమిటీ వెతుకుతున్న జవాబు అక్కడ దొరుకుతుందని నా ఆశ.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం. గేట్ పరీక్షకు కోచింగ్ తీసుకోవాలా, గని సర్టిఫికెట్ల మీద దృష్టి పెట్టాలా?
— మంథని నుంచి ఒక విద్యార్థి

జవాబు: రెండూ కావాలి తమ్ముడూ. ప్రభుత్వ రంగంలో ఉద్యోగం ఇప్పించేది చాలాసార్లు గేట్. గనిలో నీ మాట చెల్లేలా చేసేది సర్టిఫికెట్. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు లేకుండా మేనేజర్ పరీక్ష దగ్గరికి పోలేవు, వాటి సంగతి ముందే చూసుకో. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్లు నువ్వే చదువు. కోచింగ్ సెంటర్ వాట్సాప్ మెసేజ్ మీద ఆధారపడకు.

ప్రశ్న: నేను రిటైర్డ్ కోల్ ఫిల్లర్‌ని. బొగ్గు నింపనీకి తట్టా చెమ్మస్ పట్టినోణ్ని. మా ఊరి పక్కన పెద్ద ఓపెన్‌కాస్ట్ గుంత, అవతల కొండంత మట్టి దిబ్బ మిగిలినయి. మా మనవరాలు మైనింగ్ మూడో సంవత్సరం. ‘తాతా, ఇప్పుడు గనులు మూసుడు కూడా మా చదువే’ అంటది. మూసుడుకు చదువెందుకు సార్?
— రామగుండం దగ్గర నుంచి

జవాబు: అన్నా, మీ మనవరాలు సరిగ్గా చెప్పింది. గని తెరవడం కంటే సరిగ్గా మూయడమే కష్టమని నాకు ఉద్యోగం చివర్లో అర్థమైంది. జార్ఖండ్ బొగ్గు ప్రాంతం ఝరియాలో 1916లో మొదటిసారి కనబడ్డ మంట, వందేళ్లు దాటినా ఆ ప్రాంతంలో భూమి కింద ఇంకా కాలుతూనే ఉంది. 1975 డిసెంబర్ 27న చస్నాలాలో పాత గనిలో నిలిచిన నీళ్లు పనిచేస్తున్న గనిలోకి బద్దలై వచ్చి 375 మంది పోయారు. వదిలేసిన గనిలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, ఆ గోడ ఎంత మందం ఉందో ప్లాన్‌లో సరిగ్గా ఉండాలి. అందుకే నీళ్లు నిండిన పాత పనులకు 60 మీటర్ల లోపు వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. మూసే రోజున గీసిన ఆఖరి ప్లాన్, తర్వాత తవ్వబోయేవాళ్లకు ప్రాణరక్ష.

2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్లాన్ ఉండాలని, దానికి డబ్బు ముందుగానే ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే విడిగా ఉంచే ఖాతాలో) వేయాలని నియమం ఉంది. ఆ డబ్బుతో ఏం చేయాలన్నది ఇంజనీరు తేల్చాలి. మట్టి దిబ్బ వానకు జారకుండా మెట్లు కట్టాలా, గుంతను నింపాలా, చెరువుగా ఉంచాలా? మీ రామగుండం వైపు మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గుంతలో నీళ్లు పైకి ఎక్కించి కిందికి వదిలి కరెంటు తీసే ప్రతిపాదన గురించి మీరు వినే ఉంటారు. అలాంటి పనిలో రాతి గోడ నీటి బరువును మోస్తుందా లేదా అని లెక్కగట్టాల్సింది మీ మనవరాలి తరమే. ఈ పాఠం మా కాలంలో లేదు. ఇప్పటికీ చాలా చోట్ల చివరి సెమిస్టర్‌లో ఒక చిన్న యూనిట్‌గా చెప్పి ముగించేస్తున్నారు. అది నాకు నచ్చదు.

మీరు మీ మనవరాలికి ఒక సాయం చేయొచ్చు. గుంత అంచుకు మాత్రం ఆమెను పోనివ్వొద్దు, మీరూ పోవద్దు. అంచు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. ఊళ్లోకి తీసుకెళ్లండి. ఓపెన్‌కాస్ట్ రాకముందు ఏ బావిలో నీళ్లు ఎంత పైకి ఉండేవో, ఏ బావి ఏ ఏడు ఎండిందో మీకు, మీ తోటివాళ్లకు గుర్తుంటుంది. అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఆమె చేత రాయించండి. తర్వాత ప్రతి నెలా మొదటి ఆదివారం టేపుతో అవే బావుల్లో నీటిమట్టం కొలవమనండి. వచ్చే వానాకాలం దాకా కొలిస్తే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు సరిపోతుంది. ఆ రీడింగులు నాకు కూడా పంపమనండి, కూర్చుని చూస్తాను.